దక్షిణం వైపు తలగడ

"ఈ గది వద్దు. ఉత్తరం తల అవుతుంది," అన్నాడు నాగేశ్వరప్రసాద్.

ట్రావెల్స్ ఆఫీసు నడిపే ప్రవీణ్ కంప్యూటర్‌లో ఇంకో గది చూపించాడు.

"ఇందులో మంచం బాత్‌రూమ్ గోడకి ఆనుకుంది. ఇదీ వద్దు."

పాలకొల్లు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల షాపు నాగేశ్వరప్రసాద్‌ది. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయని, విశాఖ నుంచి చెన్నైకి ఓడలో తీసుకెళ్తానని భార్య సాయిప్రసన్నకి మాటిచ్చాడు. రేవులో ఆ ఓడ ఎటు ముఖం పెట్టి ఆగుతుందో ఫోన్ చేసి మరీ కనుక్కుని, గదుల ప్లాను ముందేసుకుని, పొద్దున్నించీ ప్రవీణ్ ప్రాణం తోడేస్తున్నాడు.

"ఓడ బయల్దేరాక తిరుగుతుంది కదండీ. అప్పుడు మీ దక్షిణం ఎక్కడికి పోతుందండీ?"

"గృహప్రవేశం నాటి దిక్కే లెక్కయ్యా. నీకు తెలీదు."

ఎట్టకేలకు ఒకటి నచ్చింది. మంచం బాల్కనీ అద్దం పక్కనే. తల సరిగ్గా దక్షిణానికి.

"ఇదీ గదంటే! రాసెయ్."

"అది ఆయన తీసేసుకున్నారండి," అని ప్రవీణ్ పక్క కుర్చీ వైపు చూపించాడు.

లుంగీ కట్టుకుని, గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. సంచీలోంచి ఎండుచేపల వాసన వస్తోంది. నాగేశ్వరప్రసాద్ కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

"నీ పేరేంటయ్యా?"

"బుజ్జిబాబండి. అంతర్వేది పక్కన. వేటకెళ్తామండి."

"రోజూ సముద్రం మీద ఉండేవాడివి, నీకు ఓడెందుకు?"

"మా ఇంటిదాని కోసమండి. మా వాళ్ళల్లో ఆడాళ్ళు వేటపడవ ఎక్కరండి. నడిసముద్రం ఎలాగుంటుందో అది ఎప్పుడూ చూళ్ళేదు."

నాగేశ్వరప్రసాద్ బుర్ర గీరుకున్నాడు. షాపులో 'మీకు కాబట్టి ఈ రేటు' అన్నంత తేలిగ్గా అబద్ధం వచ్చేసింది.

"మా ఆవిడకి నడుం ఆపరేషన్ అయిందయ్యా. నాలుగడుగులు వెయ్యలేదు. మంచం మీద నుంచే సముద్రం చూడాలి."

బుజ్జిబాబు తెర మీద గది వంక కాసేపు చూశాడు.

"అమ్మగారు అసలు నడవలేరాండీ?"

"ఊహూఁ."

"అయితే మీరే తీసుకోండి బాబూ. మాకు కాళ్ళున్నాయి. తెల్లారగట్ల పైడెక్ ఎక్కి చూసుకుంటాం."

కిటికీ కూడా లేని లోపలి గది రాయించుకుని వెళ్ళిపోయాడు. అతనికి థాంక్స్ చెప్పాలన్న సంగతి నాగేశ్వరప్రసాద్‌కి తట్టనే లేదు. గది దొరికిన సంబరంలో ఉన్నాడు.

ఓడెక్కిన సాయంత్రం సాయిప్రసన్న చిన్నపిల్లలా మెట్లెక్కుతూ దిగుతూ ఓడంతా తిరిగింది. ఆ మెట్ల మీదే బుజ్జిబాబు ఎదురయ్యాడు. భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపిస్తున్నాడు. ఈ వయసులో ఏం ముచ్చటో అనుకున్నాడు నాగేశ్వరప్రసాద్. తర్వాత పక్కనున్న సాయిప్రసన్న గుర్తొచ్చి గతుక్కుమన్నాడు.

బుజ్జిబాబు ఆమెని చూశాడు.

"అమ్మగారికి నయమైపోయిందాండీ? మంచిదండి," అని పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని నాగేశ్వరప్రసాద్ అతని మొహంలోకి చూశాడు. లేదు.

"నాకేమైందండీ?" అంది సాయిప్రసన్న.

"ఏం లేదు. పద పద."

పడుకోబోతూ ఫోన్లో దిక్సూచి చూసుకున్నాడు. ఓడ తిరిగింది. తల ఉత్తరానికి ఉంది!

దిండ్లు కాళ్ళ వైపుకి మార్చాడు. అటు పడుకుంటే పొద్దున్నే వెలుగు కళ్ళల్లో కొడుతుందని మందపాటి తెర దగ్గరగా లాగేశాడు. ఇద్దరూ లేచేసరికి ఎండెక్కింది.

"సూర్యోదయం పోయిందండీ! సాయంత్రానికి చెన్నై వచ్చేస్తుంది," అని నొచ్చుకుంది సాయిప్రసన్న.

"ఎక్కడైనా ఆ సూర్యుడేగా," అన్నాడు ఆవలిస్తూ.

కాఫీ తెచ్చినతను చెప్పాడు, గాలి జోరుగా ఉందని తెల్లవారుజాము నుంచీ పైడెక్ తలుపులు మూసే ఉంచారని.

చెన్నైలో దిగే వరుసలో బుజ్జిబాబు, అతని భార్య వాళ్ళ ముందే ఉన్నారు.

"లోవలక్ష్మీ, మన గదిలో ఉన్నది వీళ్ళేనే," అని చెప్పి, బుజ్జిబాబు సంచీ తేవడానికి పక్కకెళ్ళాడు.

ఆవిడ చెయ్యి చాపి గాల్లో వెతికింది. సాయిప్రసన్న భుజం దొరికాక నవ్వింది.

"నడుం బాగైందంట కదమ్మా. నడిసముద్రంలో పొద్దుపొడవడం ఎలాగుంటాదమ్మా? పెళ్ళైన కాణ్ణించీ ఈయన చెప్తానే ఉన్నాడు. ఇయ్యాల పైన తలుపులేసేశారు. మీరు చూశారుగా, చెప్పమ్మా."

సాయిప్రసన్న తలతిప్పి భర్త వంక చూసింది. నాగేశ్వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు మళ్ళీ వద్దురుగాని. ఆ గదే తీసుకుందురుగాని. బుజ్జిబాబు గారితో నేను చెప్తాను."

'గారు' అన్నది తనేనా అని అతనికే వింతగా అనిపించింది.

లోవలక్ష్మి ఆ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"వచ్చే ఏటికి నాకు ఈ మసక చూపు కూడా ఉండదంట బాబూ, కంట్లో నరం ఎండిపోతంది. అందుకనే మంచమ్మీద నుంచే పొద్దు చూపిస్తానని ఆ గది తీసుకున్నాడు. మీ సంగతి విన్నాక, 'మనకి ఇంకో ఆర్నెల్లు కళ్ళుంటాయే, పాపం ఆ అమ్మకి ఇప్పుడే కాళ్ళు లేవు' అని మీకిచ్చొచ్చాడు."