కిటికీ మీది గోడ

"ఈ ఇంట్లో నీదంటూ ఏమీ లేదు. నువ్వు చేసిన ఆ కిటికీ ఉందిగా, కావాలంటే అదీ పీక్కుపో!" అన్నాడు తమ్ముడు.

వడ్రంగి అన్న గునపం అందుకున్నాడు. కిటికీ చౌకట్టు ఒక పక్క వదులవగానే పైనుంచి ఇటుక పొడి రాలింది.

"ఏమిటది?" తమ్ముడు కంగారుపడ్డాడు.

"నాన్న దీని మీద లింటెల్ పోయించలేదు. పై ఇటుకల బరువంతా ఈ చౌకట్టే మోస్తోంది. చూస్తావేం, భుజం పెట్టు! కింద ఊతం పెట్టడానికి దుంగ తెస్తాను. వదిలావో, గోడ నీ నెత్తి మీదే."

తమ్ముడు పరుగున వచ్చి చౌకట్టు కింద భుజం ఆనించాడు.

దుంగ వాకిట్లోనే ఉంది. అన్న దాని పక్కనే మెట్టు మీద కూర్చుని తీరిగ్గా సిగరెట్ వెలిగించాడు. నిరుడు వీడు తన సామాను వీధిలో పడేయించినప్పుడు తనెంత బతిమాలాడు! ఇప్పుడు వీడూ బతిమాలాలి. గొంతు పోయేదాకా బతిమాలాలి.

లోపల ఇటుక పడిన చప్పుడైంది. వెంటనే మరొకటి.

"అన్నయ్యా!"

అన్న నవ్వుకుని ఇంకో దమ్ము లాగాడు.

"అన్నయ్యా, లోపలికి రాకు! నావల్ల కావట్లేదు, గోడ వచ్చేస్తోంది. నువ్వు మాత్రం రాకు!"

సిగరెట్ ఎక్కడ పడిందో అన్నకి తెలియదు. దుంగ ఎత్తుకుని ఒక్క ఉరుకున లోపలికొచ్చి, చౌకట్టు కింద నిలబెట్టి సుత్తితో బిగించాడు. గోడ ఆగింది.

తమ్ముడు గోడ వారగా కూలబడ్డాడు. అన్న పక్కనే కూర్చుని, వాడి జుట్టులోని ఇటుక పొడి దులుపుతూ అన్నాడు.

"దుంగ వాకిట్లోనే ఉందిరా."