అలసిన పోగు

లింగమూర్తి చీర అంచును రెండు వేళ్ల మధ్య నుంచి జార్చి పక్కన పెట్టాడు.

"సాంచది."

మరమగ్గాన్ని ఆయన సాంచ అనే అంటాడు. ఎదురుగా కూర్చున్న హరిత ఆ మాట కంప్యూటర్‌లో ఎక్కించింది.

"ఎలా చెప్పారు తాతా?"

"అంచు సూడు బిడ్డా. మగ్గం మీద బట్ట ముడుచుకపోకుంట రెండు దిక్కుల సూదులు గుచ్చి సాగదీసి పెడ్తం. ఆ చిల్లులు దీనికి లేవు."

హరిత అదీ రాసుకుంది. పైనున్న కెమెరా అంచును ఫోటో తీసింది.

హైటెక్ సిటీలో పదకొండో అంతస్తు. చల్లటి గది. భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని లింగమూర్తి రోజుకు అరవై చీరలు చూస్తాడు. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. హఫీజ్‌పేట్‌లో చెల్లెలింట్లో ఉంటూ పొద్దున్నే రైలెక్కి వస్తాడు. తిరిగి ఇల్లు చేరేసరికి వేళ్లు మొద్దుబారి ఉంటాయి. అన్నం కలుపుకోవడానికి కూడా విసుగే.

"మీ చేతికి తెలిసింది మా కంప్యూటర్‌కి నేర్పాలి తాతా. ఏది చేతిదో, ఏది మిషన్‌దో దానికి తెలియాలి" అన్నాడు మొదటి రోజు టీమ్ మేనేజర్ రోహిత్.

ఆ మాటకే ఆయన ఒప్పుకున్నాడు. ఊళ్లో కొడుకు సురేంద్రకు ఒక చీర దిగడానికి మూడు రోజులు పడుతుంది. అదే రంగు, అదే అంచు వేసుకుని సాంచ చీర చేనేత పేరుతో సగం ధరకే దొరుకుతోంది. వాడలో ఇరవై మగ్గాలుండేవి. ఇప్పుడు ఆరే ఆడుతున్నాయి. సురేంద్ర కూడా ఒక గోదాములో వాచ్‌మన్ పనికి మాట్లాడుకున్నాడు.

"జర ఆగు" అన్నాడు లింగమూర్తి ఫోన్‌లో. "ఈ మిషన్ తయారైతే దుకాన్ దుకాన్ల పెడ్తరు. దొంగ చీర దొరికిపోతది. దసరా దాక మగ్గం ఇప్పకు."

"మిషన్‌తోని బాగుపడ్డ మగ్గపోడు ఎవడున్నడే నాయినా?" అని సురేంద్ర నవ్వాడు. నవ్వాడే గాని, ఆగాడు.

రెండో వారం సాంచ చీరల అంచులకు చిల్లులు కనిపించాయి. లింగమూర్తి చీర వెనక్కి తిప్పాడు.

"దొంగలు తెలివి మీరిన్రు బిడ్డా. అయినా, ఇంత పొడుగు చీరల ఒక్క పోగన్న తెగదా? తెగితే ముడెయ్యమా? ఏదీ ముడి?"

మూడో వారం ముడులున్న చీరలూ వచ్చాయి. ఒక్కోదాని మీద పావుగంట పట్టసాగింది. కళ్ల వెంట నీళ్లు కారేవి. పక్క సీట్లో తేజ ఊరుకోలేదు.

"తాతా, మీకు అప్‌డేట్ కావాలేమో!"

"నాకెందుకు కొడుకా? నీ డబ్బా పొద్దట్నుంచి మూడుసార్లు సచ్చింది. ముందుగాల దానికి చేయించు."

గదంతా నవ్వింది. ఆయన మాత్రం మళ్లీ చీర మీదికి వంగాడు.

నాలుగో వారం ఒక చీర ఆయన్ని బాగా తిప్పలు పెట్టింది. చిల్లులున్నాయి. ముడులున్నాయి. అక్కడక్కడా లావు పోగు కూడా ఉంది. కొంగు నుంచి మొదలు దాకా మూడుసార్లు తడిమి చూసి, చివరికి పక్కన పెట్టాడు.

"సాంచదే."

"అదెలా తాతా? అన్నీ ఉన్నాయి కదా!"

"తప్పులున్నయి. అలసట లేదు."

"అలసటా?" అంది హరిత.

"మనిషి పొద్దుగాల దెబ్బ గట్టిగ ఏస్తడు. పోగులు దగ్గర దగ్గర కూసుంటయి. మాపటీలికి రెక్కలు గుంజుతయి, నేత వదులైతది. తెల్లారి మళ్ల గట్టిగ. కండ్లు మూసుకొని తడిమితే ఏ పొద్దు నేసిందో తెలుస్తది. దీనికి పొద్దు లేదు, మాపు లేదు."

హరిత లేచి వెళ్లి రోహిత్‌ను పిలుచుకొచ్చింది. అతను ఆ మాటలే రెండుసార్లు చెప్పించుకుని రికార్డు చేసుకున్నాడు.

"సూపర్ తాతా! ఇది ఎవ్వరూ చెప్పలేదు."

ఆ రోజు రైల్లోంచే లింగమూర్తి కొడుక్కి ఫోన్ చేశాడు. "అయిపోయింది బిడ్డా. ఇగ దొరకని దొంగ ఉండడు."

తర్వాత మూడు వారాలు రావద్దన్నారు. మళ్లీ పిలిచిన రోజు బల్ల మీద పది చీరలే ఉన్నాయి. టీమంతా చుట్టూ నిలబడి ఉంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మొదటిది మగ్గానిది. రెండోదీ అంతే. అయిదో చీర దగ్గర తన వేళ్ల మీద ఆయనకే అనుమానం వచ్చింది. వెళ్లి చేతులు కడుక్కొచ్చి మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఒక్క దొంగ చీరైనా ఉండకపోతుందా అని వెతికాడు. లేదు. పదీ మగ్గానివే.

చివరి చీరను మాత్రం ఒళ్లోంచి దించలేదు.

"ఇది నేసినోనికి పాణం బాగ లేకుండె గావచ్చు. మాపటీలికి చెయ్యి బాగ సడలింది. అయినా ఇడిసిపెట్టలే, పాపం. ఎవరు బిడ్డా? నంబరుంటే ఇయ్యి, ఓ మాట మాట్లాడుత."

హరిత కంప్యూటర్ మీదికి వంగి టైప్ చేయసాగింది.

మిల్లు యజమానికి ఆమె పంపుతున్న రిపోర్టులో ఇలా ఉంది: "పది చీరలూ మీ మరమగ్గాలు నేసినవే, పెద్దాయన ఒక్కదాన్నీ పట్టుకోలేకపోయాడు."