నల్లా కింది బురద

బందరు నుంచి వచ్చి నాంపల్లిలో ఆ ఇంట్లో అద్దెకు దిగాక, నాలుగు నెలల్లో శేషారత్నం కూతుర్ని ఒక్కసారి కూడా పెరట్లో దించలేదు. ఆ ఉదయం పొయ్యి మీద పాలు పొంగుతుంటే, పిల్లను ఇంటి యజమానురాలు బాలమణి చేతికిచ్చి లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి పది నెలల పిల్ల నల్లా కింద తడిమట్టిలో కూర్చుని ఉంది.

రెండు గుప్పిళ్లతో బురద పిసుకుతోంది. పొట్టకు పూసుకుని, నోట్లో పెట్టుకుని, కేరింతలు కొడుతోంది.

శేషారత్నం దాన్ని లాక్కొచ్చి, నోరు కడిగి, ఆబిడ్స్‌లో కొన్న కొత్త గౌను తొడిగింది. పిల్ల గింజుకుని, చంకలోంచి జారి, మళ్లీ బురదలోకే పాకింది. మళ్లీ కడిగింది. మూడోసారి చెంబుతో నీళ్లు పోస్తూ బాలమణి వైపు తిరిగింది.

"ఎందుకు దించారండీ? ఎత్తుకోమనే కదా ఇచ్చాను."

"గట్ల కోపం చేస్తవేంది బిడ్డా? జర ఆడుకోనియ్యి. మట్టి ఏం చేస్తది?"

శేషారత్నం చెంబు కింద పెట్టింది.

"దీని ముందు పుట్టినవాడు పదో నెలలో పోయాడండీ. వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకెళ్లి మట్టిలోనే పెట్టారు."

బాలమణి ఆమె భుజం పట్టుకుని మెల్లగా గట్టు మీద కూర్చోబెట్టింది.

పిల్ల పాక్కుంటూ వచ్చి, గుప్పెడు బురద తల్లి ఒళ్లో వేసి, ఇంకా తేవడానికి వెనక్కి తిరిగింది.

శేషారత్నం ఈసారి పట్టుకోలేదు.