రెండింతలైన జీవం

మట్టి మీద పరిశోధన చేసే హంసిని, మూడేళ్ల తర్వాత పీలేరు దగ్గర మునిచంద్ర వేరుశనగ చేలో మళ్లీ మట్టి పరీక్షించింది. ఏటేటా ముదిరే ఎండలకు సూక్ష్మజీవులు మొదట విపరీతంగా పెరిగి, మట్టిలోని సారమంతా తినేసి, ఆకలికి చచ్చిపోయాయి.

"పశువుల ఎరువు తోలలేదా అన్నా?"

"లేదుమ్మా. మట్టిలో జీవం రెండింతలైంది, ఇంక ఎరువెందుకని ఆవుల్ని అమ్మేసినాను."

రైతుకి ఇలాంటి మాటలు చెప్పేవాళ్లంటే హంసినికి రోత. "ఎవరు చెప్పినారన్నా ఆ చెత్త?" అంది మొహం చిట్లించి.

మునిచంద్ర మోటారు గది తలుపు వైపు చూపించాడు. దానికి అంటించిన మూడేళ్ల నాటి పేపరు ముక్కలో, 'మట్టిలో రెండింతలైన జీవం' అన్న శీర్షిక కింద, పిడికెడు మట్టి పట్టుకుని హంసిని నవ్వుతోంది.

"నువ్వే గదమ్మా," అన్నాడు మునిచంద్ర, ఏ నిష్ఠూరమూ లేకుండా.