పక్క కుర్చీ పరిచయం

"ఈవిడ యామిలే టీచర్. ఇద్దరు కొడుకులు. చిన్నవాడు యేసిద్ అకార్డియన్ వాయిస్తాడట," అని లిబార్దో ఫ్రెంచిలో చెప్పి కూర్చున్నాడు.

బుకరామాంగా నగరంలో ఫ్రెంచి టీచర్ల సదస్సు అది. పక్క కుర్చీలోని కొత్త మనిషి వివరాలు కనుక్కుని అందరికీ పరిచయం చెయ్యడంతో మొదలైంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదిల్మా చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. ఆమెదీ యామిలేదీ ఒకే బడి. కిందటేడు యేసిద్ శవపేటిక వెనక యామిలేను పొదివిపట్టుకుని నడిచింది ఎదిల్మాయే.

కాఫీ వేళ యామిలేను మెట్లవైపు లాక్కెళ్ళింది.

"ఏంటే అది? పిల్లాడు బతికున్నట్టు చెప్పావు."

"అడిగాడు, చెప్పాను."

"తప్పు కదే. ఇలాగైతే నీకు పిచ్చెక్కుతుంది."

యామిలే కాఫీ కప్పు మెట్టు మీద పెట్టింది.

"మన ఊళ్ళో అరేపా రొట్టెల కొట్టుకెళ్ళినా నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. నువ్వూ అంతే. వాడి పేరెత్తితే మాట మార్చేస్తావు. ఈయనెవరో, మీవాడు ఏ పాట బాగా వాయిస్తాడు అని అడిగాడు. ఏడాదిలో వాడి గురించి నన్నడిగిన మనిషి ఈయనొక్కడే."



లోపల మళ్ళీ జంటలుగా కూర్చోమంటున్నారు. ఎదిల్మా లిబార్దోను బతిమాలి, పక్కకు జరిపి, ఆ కుర్చీలో కూర్చుంది. గొంతు సవరించుకుని, ఎన్నడూ చూడని మనిషిని పలకరించినట్టు ఫ్రెంచిలో అడిగింది.

"మీకెంతమంది పిల్లలండీ?"

యామిలే తన కుర్చీ ఆమెవైపు తిప్పుకుంది.

"ఇద్దరండీ," అంది.