బయటి గడియ

తలుపులు చేసే ఆ కంపెనీలో అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. పై గదిలో ప్రోగ్రామర్ ఒక్కతే మిగిలింది. కొనేవాళ్లు వెబ్‌సైట్‌లో కొలతలిస్తే, ఏ తలుపుకు ఏ సామాను కావాలో కింద వర్క్‌షాపులోని సిస్టమ్ తేల్చి కొటేషన్ పంపాలి. ఆ రెంటినీ కలపడమే ఆమె పని. పరీక్షకు ఎప్పుడూ కళ్లెదుట ఉన్న తలుపు కొలతలే ఇవ్వడం ఆమెకు అలవాటు. ఇవాళ తన గది తలుపువి ఇచ్చింది.

కొటేషన్ వచ్చింది. అందులో ఆమె అడగని వస్తువొకటి ఉంది: గడియ, బయటి వైపు.

తీసేసింది. మళ్లీ వచ్చింది. సిస్టమ్‌లోని నియమాలన్నీ జల్లెడ పట్టింది. అలాంటిది ఎక్కడా లేదు.

అమ్మ ఫోన్ చేసింది. "ఇంకా బయల్దేరలేదా? రేపు చూసుకోవచ్చు కదే! ఆ కంపెనీ ఏమైనా మీ మామగారిదా?"

"దీని అంతు తేల్చందే కదలనమ్మా. నువ్వు తినేసి పడుకో."

ఫోన్ పెట్టేసి, వెబ్‌సైట్‌నూ వర్క్‌షాపు సిస్టమ్‌నూ కలిపే కేబుల్‌నే ఊడబీకింది. ఇక వర్క్‌షాపు నుంచి ఒక్క ముక్క కూడా రావడానికి వీల్లేదు. చెవులు రిక్కించింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

తెర మీద కొటేషన్ మారింది. గడియ కింద కొత్త వరుస చేరింది: బిగింపు జరుగుతోంది.

తలుపు అవతల, చెక్కలోకి స్క్రూ దిగుతున్న చప్పుడు. తాపీగా, పని తెలిసిన చేతిలా.

"ఎవరది?"

ఆమె పళ్లు బిగించి 'ఆర్డర్ రద్దు' నొక్కింది.

చప్పుడు ఆగింది. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా తెర మీద జవాబొచ్చింది.

'బిగించిన సరుకు వాపసు తీసుకోబడదు.'