అల్లుడి భయం

లారీ హారన్ కొట్టింది. అల్లుడు ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాడు.

"లేవండి బాబూ! అది ఈపాటికి ఊరు దాటేసుంటుంది" అంది అత్తగారు.

ఆరడుగుల మనిషి. ఆ యాక్సిడెంట్ అయిన దగ్గర్నుంచీ ఇదే వరస. గిన్నె జారిపడితే మంచం కిందకి దూరతాడు. గాలికి తలుపు కొట్టుకుంటే "అత్తయ్యా!" అని ఇల్లు ఎగిరిపోయేలా కేక పెడతాడు. పాపం ఆవిడకి తన గుండెదడ సంగతి చూసుకునే తీరిక ఎక్కడిది? పరుగున వెళ్లి అతన్ని ఓదార్చడానికే సరిపోతోంది.

"తలకి దెబ్బ తగిలినవాళ్లలో ఇది మామూలేనమ్మా. గాయం మానినా భయం ఓ పట్టాన వదలదు" అంది డాక్టరమ్మ.

అసలు ఆ యాక్సిడెంట్ ఎలా జరిగిందని అత్తగారు అడిగితే మాత్రం కూతురు మాట మార్చేస్తుంది.

అల్లుడు చిన్నబుచ్చుకోకూడదని అత్తగారు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. అతను మాత్ర మింగితే తోడుగా తనూ ఒకటి మింగుతుంది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమని డాక్టరమ్మ అడిగితే, అతనికి ధైర్యం రావాలని ముందు తనే అందుకుంటుంది. మధ్యలో శుక్రవారం ఎప్పుడూ ఎగిరిపోతుంది. అందరూ నవ్వుతారు. అందరికన్నా గట్టిగా ఆవిడే నవ్వుతుంది.

ఇవాళ్టిది పెద్ద పరీక్ష. రోడ్డుకి అవతల కూతురూ, డాక్టరమ్మా నిలబడి చూస్తున్నారు. ఈ రోడ్డు దాటితే ఆసుపత్రి చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. లేదంటే కథ మళ్లీ మొదటికే.

"నా వల్ల కాదు అత్తయ్యా!"

"ఎందుక్కాదు? నేను లేనూ?"

ఆవిడ కాళ్లు కూడా వణుకుతున్నాయి. పిల్లాడి మీద బెంగ మరి! అయినా నడుం బిగించి, అతని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ రోడ్డు మీదకి దిగింది. బస్సు మోగింది. బైకులు మోగాయి. ఎదురుగా ఇంకో లారీ.

"ఆగవయ్యా! మా అల్లుడు వస్తున్నాడు, కనబడట్లేదా?" అని దానికే చెయ్యి అడ్డం పెట్టింది.

డ్రైవరు హడలిపోయి బ్రేకు వేశాడు. అతని మొహం చూసి అత్తగారికి నవ్వు పొంగుకొచ్చింది. అది అల్లుడికీ అంటుకుంది. ఇద్దరూ పడీపడీ నవ్వుతూ అవతలి ఫుట్‌పాత్ ఎక్కేశారు.

"చూశావా, మీ ఆయన్ని దాటించేశాను!" అని కూతురితో అంటూ, అత్తగారు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

కూతురు కళ్లు తుడుచుకుని మొగుడి చెవిలో గుసగుసగా అంది: "ఇక మీరు భయం నటించక్కర్లేదండీ, తలకి దెబ్బ తగిలిన మా అమ్మ రోడ్డు దాటేసింది!"